చెట్టున పండాలన్న పట్టు ఎందుకు?

సీతాఫలం చెట్టునే పండేదాకా ఎవరూ ఆగరు. కాయ మీద కళ్ళు విచ్చుకుని, గీతల మధ్య తెల్లబడగానే కోసేసి గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెట్టి మగ్గబెడతారు. ఆగితే అది పక్షుల పాలు, ఉడతల పాలు. ముదిరిన మామిడికాయను వరిగడ్డిలో మగ్గబెట్టడం, సపోటాను దించి బుట్టలో పెట్టడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న పనులే. ఏ పండును ఎప్పుడు చెట్టు నుంచి విడదీయాలో ఇంతగా తెలిసిన మనం, మిద్దె మీది టమాటా దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిడిని పక్కన పెట్టేస్తున్నాం. కుండీలో కాసిన కాయ చెట్టు మీదే ఎర్రగా పండాలి, అలా పండితేనే అది ఇంటి టమాటా అన్న పట్టుదల మిద్దెతోటల్లో బాగా పాతుకుపోయింది. ఈ పట్టుదల మన ఎండలకు సరిపడదనీ, దీనివల్ల రంగులోనూ రుచిలోనూ చేతికందే కాయల లెక్కలోనూ నష్టపోతున్నామనీ నా అభిప్రాయం. టమాటా రంగు తిరగడం మొదలుకాగానే, దోరగా ఉండగానే కోయాలి. ఇంట్లో నీడన మగ్గబెట్టుకోవాలి.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. దీని వెనక ఒక న్యాయమైన కోపం ఉంది. అంగట్లో కొన్న టమాటా చూడ్డానికి నిగనిగలాడుతుంది, కోస్తే లోపల తెల్లటి పీచు, నోట్లో పెట్టుకుంటే చప్పన. పులుపు కోసం చింతపండు కలపనిదే చారు చారులా ఉండదు. పచ్చిగా కోసి లారీల్లో తోలడంవల్లే ఈ గతి పట్టిందని అందరూ అనుకుంటారు కాబట్టి, దానికి సరిగ్గా ఎదురు పని చేయాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. పైగా ఇంటిపంట గురించిన సలహాల్లో చాలా భాగం చల్లటి దేశాల నుంచి వచ్చినవి. ఇంగ్లండులో ఎండాకాలమంటే పగలు ఇరవై చిల్లర డిగ్రీలు. అక్కడ పెరటివాళ్ళ బాధంతా చలి ముంచుకొచ్చేలోగా కాయ పండుతుందా లేదా అన్నదే. ఆ దేశంలో చెట్టున పండనివ్వడం మంచి సలహా. మార్చి నెలలో మన మిద్దె మీద అదే సలహా పాటిస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

కాయలో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే విషయం తేలుతుంది. పిందె కట్టిన దగ్గర్నుంచి సుమారు నలభై రోజులు టమాటా పెరగడం మీదే ఉంటుంది. లేతకాయను అడ్డంగా కోస్తే గింజలు కూడా కత్తికి తెగుతాయి, లోపల గట్టిగా పొడిగా ఉంటుంది. అదే బాగా ముదిరిన పచ్చికాయను కోసి చూడండి. గింజల చుట్టూ జిగురులాంటి గుజ్జు పట్టి ఉంటుంది, కత్తి తగలగానే గింజలు తెగకుండా పక్కకు జారిపోతాయి. కాయ పక్వానికి వచ్చిందనడానికి అదే గుర్తు. ఆ తర్వాత కొద్ది రోజులకు కాయ అడుగున, పువ్వు రాలిన చుక్క చుట్టూ, ఆకుపచ్చ కాస్త వెలుస్తుంది. ముందు మీగడ రంగు, దాని మీద పలచటి గులాబీ జీర. రూపాయి బిళ్ళంత కూడా ఉండదు, వంగి కింది నుంచి చూస్తే తప్ప కనబడదు. ఈ సరికి లోపలి గుజ్జు అప్పటికే రంగు పట్టి ఉంటుంది. ఎందుకంటే టమాటా లోపలి నుంచి బయటికి, కింది నుంచి పైకి పండుతుంది. అమెరికాలో టమాటా వ్యాపారానికి రంగును బట్టి ఆరు దశలు కట్టారు, అందులో రెండోది ఇదే. మన భాషలో దీనికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది. దోర.

దోర దశకు చేరిన టమాటా ఎథిలీన్ వాయువును తానే తయారుచేసుకుంటూ ఉంటుంది. పండడానికి కావలసిన ఆజ్ఞ బయటి నుంచి రానక్కర్లేదు, చెట్టు నుంచీ రానక్కర్లేదు. తీగకు ఉన్నా బుట్టలో ఉన్నా అది పండి తీరుతుంది. ఎండ కూడా దానికి అక్కర్లేదు. ఎండ కావలసింది ఆకుకు, కాయకు కాదు. కిటికీ గట్టు మీద వరసగా పేర్చి ఎండలో పెట్టడం చాలామంది చేసే పొరపాటు. కాయకు కావలసింది తగినంత వెచ్చదనం, 20 నుంచి 25 డిగ్రీలు.

ఇక్కడే మన వాతావరణం అడ్డం వస్తుంది. టమాటా ఎరుపు లైకోపీన్ అనే పదార్థంవల్ల వస్తుంది. వేడి 30 డిగ్రీలు దాటితే దాని తయారీ మందగిస్తుంది, ఇంకా పెరిగితే దాదాపు ఆగిపోతుంది. పసుపు, నారింజ రంగులనిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. మిద్దెమీద కాయలు ఎంతకీ ఎర్రబడక నారింజ రంగు దగ్గరే ఆగిపోవడానికీ, తొడిమ చుట్టూ భుజాలు పసుపుగా గట్టిపడి మిగిలిపోవడానికీ చాలాసార్లు కారణం ఇదే. ఎరువు తక్కువైందేమోనని అప్పుడు మరో గుప్పెడు వేస్తారు, నీళ్ళు పెంచుతారు. తప్పు మట్టిలో లేదు. మార్చిలో హైదరాబాద్, విజయవాడల్లో పగటి వేడి 35 డిగ్రీల దాకా పోవడం మామూలే. అది నీడలో కొలిచిన లెక్క. నేరుగా ఎండ తగిలే కాయ చుట్టూ ఉన్న గాలికన్నా ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. కింద సిమెంటు శ్లాబు సాయంత్రం దాకా ఆవిరి కక్కుతూనే ఉంటుంది. ఆకులు పలచబడిన చెట్టు మీద కాయకు ఎండదెబ్బ తగిలి ఒక పక్క తెల్లగా కాగితంలా పాలిపోతుంది. అలాంటి కాయను ఇంకో వారం చెట్టుకు ఉంచినంతమాత్రాన దానికి మేలు జరగదు.

చెట్టు మీద ఉన్న ప్రతి రోజూ ఒక ముప్పే. వారం రోజులు నీళ్ళు సరిగా పోయక, ఒక్కసారిగా తడిపితే పండుతున్న కాయ పగులుతుంది. అకాల వర్షం పడినా అంతే. కాయతొలుచు పురుగు, ఉడతలు, చిలకలు, తెలంగాణలో చాలా ఊళ్ళలో కోతులు. వీటికి మన రుచి మీద మనకున్నంత ఓపిక ఉండదు. ఎర్రబడిన కాయ దూరం నుంచే కనబడుతుంది, దోరకాయ ఆకుల మధ్య పచ్చగా కలిసిపోయి ఉంటుంది. పది కుండీల తోటలో నాలుగు కాయలు పోవడమంటే ఒక పూట కూర పోవడం.

నిజమైన అభ్యంతరం ఒకటుంది. అంగడి టమాటా కూడా ముందే కోసినదే కదా, ఇంట్లో కూడా అదే పని చేస్తే ఇంత శ్రమపడి పెంచుకోవడం ఎందుకు? కోసే వేళ ఒకటే అనుకుంటే ఇది బలమైన ప్రశ్నే. కానీ ఒకటి కాదు. మదనపల్లె మార్కెట్ నుంచి దూరపు రాష్ట్రాలకు లారీలో పోవలసిన సరుకును గట్టిగా ఉండగానే కోయక తప్పదు. అందులో పక్వానికి వచ్చిన పచ్చికాయతో పాటు రాని కాయ కూడా కలిసిపోతుంది, పైకి రెండూ ఒకేలా ఉంటాయి. పక్వానికి రాని కాయ తర్వాత రంగు తెచ్చుకున్నా రుచి తెచ్చుకోలేదు. దోరకాయ విషయంలో ఈ సందేహం లేదు, రంగు తిరగడమే దాని సాక్ష్యం. ఆ రెండు దశల మధ్య తేడా కొద్ది రోజులే. అయినా రుచికి సంబంధించినంతవరకు ఆ కొద్ది రోజులే అసలైనవి.

అంగడి టమాటా చప్పదనానికి కోతకన్నా విత్తనం పాత్ర పెద్దదని కూడా గుర్తుంచుకోవాలి. కాయంతా ఒకే తీరుగా లేతాకుపచ్చగా ఉండి, ఒకేసారి ఎర్రబడాలని ప్రపంచమంతటా దశాబ్దాలపాటు ఎంపిక చేస్తూ వచ్చారు. అలా ఏకరీతిగా పండించే లక్షణం, కాయలో పత్రహరితాన్ని పెంచే ఒక జన్యువు చెడిపోవడంవల్ల వచ్చిందని 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ భుజాలున్న పాతరకం కాయ తన చక్కెరలో కొంత తానే వండుకునేది. చూపుకు అందంగా ఉండాలని ఆ శక్తినే వదులుకున్నాం. 2017లో శాస్త్రవేత్త హ్యారీ క్లీ బృందం 398 టమాటా రకాల జన్యువులను చదివి, పాతరకాలతో పోలిస్తే నేటి వ్యాపార రకాల్లో రుచికి ముఖ్యమైన 13 పరిమళ పదార్థాలు బాగా తగ్గిపోయాయని తేల్చింది. కాబట్టి ఇంటితోట ఇచ్చే అసలైన స్వేచ్ఛ విత్తనం ఎంచుకోవడంలో ఉంది. లారీ ప్రయాణానికి తట్టుకోనవసరం లేని, పలచటి తోలు, పుల్లటి రసం ఉన్న నాటు టమాటాను మిద్దె మీద పెంచుకోవచ్చు. ఆ నాటుకాయను దోరగా కోసినా నాటుకాయే.

చెట్టున ఉన్నకొద్దీ తీపి పెరుగుతుందన్నది మరో మాట. ఇందులో నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. దోర దశకు కాయ పెరుగుదల దాదాపు పూర్తయినా, తర్వాత కూడా చెట్టు నుంచి కొంత చక్కెర చేరుతూ ఉంటుంది. అందుకే నా వాదన డిసెంబరు, జనవరి నెలలకు అంత గట్టిగా వర్తించదు. పగలు 28, రాత్రి 16 డిగ్రీలు ఉండే రోజుల్లో కోతుల బెడద లేకపోతే కాయ సగం గులాబీ అయ్యేదాకా ఉంచండి, మంచిదే. ఫిబ్రవరి సగం దాటాక మాత్రం ఆ కొద్ది తీపి కోసం ఎదురుచూస్తే, దానికి మించి రంగూ మెత్తదనమూ పాడవుతాయి. మనం టమాటాను ఎక్కువగా పచ్చిగా తినం, పప్పులోకి, చారులోకి, పచ్చడిలోకి వాడతాం. మనకు కావలసింది పులుపు, గుజ్జు, వాసన.

మగ్గబెట్టడం అనగానే కార్బైడ్ గుర్తొచ్చి భయపడేవారున్నారు. మామిడి మార్కెట్లలో జరిగిన ఘోరాలు చూసినవాళ్ళు అలా అనుకోవడంలో తప్పులేదు. కాల్షియం కార్బైడ్‌తో పండించడం మన దేశంలో నిషిద్ధం. అది వదిలే అసిటిలీన్ పండు రంగును పైపైన తిప్పుతుంది, కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు కూడా ఉంటాయి. ఇంట్లో బుట్టలో జరిగేది ఆ పని కాదు. పండు తన వాయువుతో తాను పండుతుంది. త్వరగా కావాలంటే ఒక పండిన అరటిపండును కాగితం సంచిలో తోడు పెడితే చాలు, దాని ఎథిలీన్ వీటికి ఊతమవుతుంది. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. తొడిమతో సహా కోయాలి. తొడిమ ఊడిన కాయను బోర్లించి పెట్టాలి, ఎందుకంటే టమాటా తోలుకు రంధ్రాలు లేవు, లోపలి తేమ ఎక్కువగా ఆ తొడిమ మచ్చ నుంచే పోతుంది. గదిలో చల్లటి మూలన ఒకదానిమీద ఒకటి పడకుండా పరిస్తే నాలుగు రోజుల నుంచి వారంలోపు ఎర్రబడతాయి.

ఇంత జాగ్రత్తగా పెంచినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి పాడుచేయడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి. దోరకాయను ఫ్రిజ్‌లో పెడితే పండడం ఆగిపోతుంది, బయటికి తీశాక కూడా సరిగా పండదు, మచ్చలుపడి మెత్తబడుతుంది. పండిన కాయ సంగతి వేరు. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జరిపిన పరిశోధనలో, ఫ్రిజ్ చలిలో వారం రోజులు ఉంచిన పండ్లలో పరిమళాన్నిచ్చే జన్యువులు మూతపడ్డాయని, బయట పెట్టినా ఆ వాసన తిరిగి పూర్తిగా రాలేదని తేలింది. ఒకటి నుంచి మూడు రోజులు ఉంచినవాటికి అంత నష్టం లేదు. మన వేసవిలో ఫ్రిజ్ లేకుండా కుదరదనే ఇల్లాలి మాటకు ఇదే జవాబు. పూర్తిగా పండినవి, రెండు మూడు రోజుల్లో వండేవి పెట్టుకోండి. దోరవి పెట్టకండి.

ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లోనే 34 డిగ్రీలుంటే మరి ఎక్కడ మగ్గబెట్టాలి? ఆ నెలల్లో టమాటా కాయించాలనుకోవడమే వృథా ప్రయాస. రాత్రి వేడి పాతిక దాటితే పుప్పొడి చెడి పూత రాలుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోసుకుంటే పంట చలికాలంలో చేతికొస్తుంది. మార్చిలో చెట్టు పీకేసే రోజున మిగిలిన పచ్చికాయల్లో ఒకదాన్ని కోసి చూడండి. గింజలు పక్కకు జారితే ఆ సైజు కాయల్ని బుట్టలోకి వేయండి. తెగితే పచ్చిమిర్చి, నువ్వులతో రోటిలోకి వేయండి. పచ్చి టమాటా పచ్చడికి అంతకన్నా మంచి కాయ దొరకదు.