కాలినడకకు దక్కే కొండ

ఢిల్లీలో అశోకా రోడ్డు మీద నిలబడి ఎటు చూసినా కొండ కనిపించదు. ఆ రోడ్డులో ఒకటో నంబరు ఆవరణ ఆంధ్రభవన్. మధ్యాహ్నవేళ అక్కడ పప్పూ పులుసుతో భోజనం చేసే తెలుగువారికి సొంత గడ్డ రుచి దొరుకుతుంది గాని, సొంత గడ్డ మీది కొండ దొరకదు. చదునైన నగరంలో స్థిరపడిన మనిషికి కొండ మీద బెంగ కలగడం సహజమే. నగరానికి దక్షిణాన రామకృష్ణపురంలోని చిన్న గుట్ట మీద 1973లో స్వామినాథుని ఆలయం వెలసినప్పుడు, తమిళులు దానిని ‘మలై మందిర్’ అనే పిలుచుకున్నారు. మలై అంటే కొండ.

జపానువారు ఈ బెంగను తీర్చుకున్న తీరు మరింత విచిత్రం. టోక్యోకు ఎడో అని పేరున్న రోజుల్లో ఫుజి పర్వతాన్ని ఆరాధించే భక్తసమాజాలు ఆ నగరంలో ఉండేవి. అందరూ అంతదూరం వెళ్లలేరు. పైగా స్త్రీలు శిఖరం చేరరాదన్న నిషేధం 1872 వరకూ ఉంది. తకయామా తత్సు అనే స్త్రీ 1832లో పురుషవేషం ధరించి మరీ ఎక్కవలసి వచ్చింది. అందుచేత భక్తులు ఫుజి నుంచి లావారాళ్లు తెచ్చి, పేటల్లోనే చిన్న చిన్న ఫుజి గుట్టలు పేర్చుకున్నారు. వృద్ధులు, స్త్రీలు, పిల్లలు వాటిని ఎక్కి మొక్కు తీర్చుకునేవారు. అలాంటి గుట్టలు కొన్ని టోక్యోలో నేటికీ నిలిచి ఉన్నాయి.

కొండను చూడటం వేరు, ఎక్కడం వేరు అన్న ఎరుక తెలుగువారికీ పాతదే. బాలుడైన అన్నమయ్య తిరుమల ఎక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర అలసి, చెప్పులతోనే నిద్రపోయాడట. అలమేలుమంగ కలలో కనిపించి, ఈ కొండ యావత్తూ సాలగ్రామమయమనీ, చెప్పులు విడిచి ఎక్కమనీ బోధించిందట. కవి మనుమడు చిన్నన్న ద్విపదలో చెప్పిన కథ ఇది. ఆ కథలో దేవుడు ఆలయంలోనే కాదు, అడుగు పెట్టిన ప్రతి రాతిలోనూ ఉన్నాడు.

ఆ రాళ్లను దాటించే సాధనం 1944లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది ప్రారంభమయ్యాయి. ముసలివారికీ, రోగులకూ అది గొప్ప ఉపకారం. ఫుజిలోనూ ఇదే జరిగింది. అడుగు నుంచి శిఖరం దాకా పది మజిలీలుగా ఉన్న ఆ దారిలో, 1964లో మోటారు రోడ్డు ఐదవ మజిలీకి, అంటే 2,305 మీటర్ల ఎత్తుకు చేరింది. అది మొదలు 3,776 మీటర్ల కొండను చాలామంది సగం నుంచే ఎక్కుతున్నారు.

వేగానికి మూల్యం లేకపోలేదు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట రెండు రాతిపొరలు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. వాటి నడుమ సుమారు 80 కోట్ల సంవత్సరాల కాలం లుప్తమైపోయిందని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. బస్సు కిటికీలో ఆ గోడ క్షణంలో వెనక్కు పోతుంది. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు ఎక్కేవారికీ, శ్రీవారి మెట్టు మీదుగా 2,388 మెట్లు ఎక్కేవారికీ మాత్రం కొండ తొందరపడదు. గాలిగోపురం దగ్గర ఆగి వెనుదిరిగితే తిరుపతి పట్టణం పాదాల కింద పరచుకుని ఉంటుంది.

అయితే ఈ దారి అడవి గుండా పోతుంది. 2023 ఆగస్టు 11 రాత్రి, తల్లిదండ్రులతో అలిపిరి మెట్లు ఎక్కుతున్న ఆరేళ్ల బాలికను చిరుత పొట్టన పెట్టుకుంది. అంతకు కొద్ది వారాల ముందే అదే దారిలో ఒక బాలుడు చిరుత నోట పడి బతికి బయటపడ్డాడు. ఆ తరువాత పదిహేనేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు గంటల తరువాత మెట్ల మీదికి పంపరాదని దేవస్థానం ఆంక్ష విధించింది. నడిచేవారికి చేతికర్రలు ఇచ్చింది. చేతికర్ర చూసి నవ్వినవారూ ఉన్నారు. బిడ్డను పోగొట్టుకున్న ఇంట మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఫుజి మీద ఉన్నది జనభయం. రాత్రంతా విశ్రాంతి లేకుండా ఎక్కి, చలికీ అలసటకూ కూలిపోయేవారు ఎక్కువవడంతో, 2024లో యోషిదా దారికి రెండువేల యెన్‌ల రుసుమూ, రోజుకు నాలుగువేల మంది అన్న పరిమితీ పెట్టారు. 2025లో రుసుము నాలుగువేల యెన్‌లయింది. వసతిగృహంలో చోటు కుదుర్చుకోనివారికి ఆ దారి తలుపు మధ్యాహ్నం రెండు గంటలకే మూసుకుంది. సముద్రాలకు ఆవల ఉన్న రెండు కొండలు, వేరువేరు కారణాలతో, గడియారంలో ఒకే గంటను ఎంచుకున్నాయి.

కొండకు మనిషి ఇవ్వవలసిన మర్యాద ఆంక్షలతో పూర్తికాదు. మెట్ల పక్కన పారేసిన ఎంగిలి కోసం కుక్కలూ పందులూ చేరతాయి. వాటి కోసం చిరుత వస్తుంది. విసిరిన పొట్లం ఎవరిదో, దాని ఫలం అనుభవించే బిడ్డ ఎవరిదో! అన్నమయ్య ఆనాడు విడిచినవి చెప్పులు. నేటి యాత్రికుడు విడవవలసినది తొందర. విడవకూడనిది చేతిలోని పొట్లం, పక్కనున్న పిల్లవాడి చేయి.