మొటిమల మందు, మనసు జాగ్రత్త
తీవ్రమైన మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్‌ను 18 ఏళ్లలోపు వారికి మొదలుపెట్టాలంటే ఇద్దరు నిపుణులు అంగీకరించాలంటూ 2023లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ తెచ్చిన నిబంధన సబబైనదే. ఈ మందు వాడే కొందరిలో కనిపించే కుంగుబాటుకు ఇదే కారణమని పరిశోధనలు తేల్చలేదు; ముఖం చూపలేక నలుగురిలోకి రాని పిల్లల్లో ఆ దిగులు మందుకు ముందే ఉండవచ్చు, మొటిమలు తగ్గాక తేరుకునేవారూ ఎందరో. అందుకే మందును నిషేధించడం అన్యాయమవుతుంది. అయితే రుజువు కాలేదన్న మాట, ఈ మందు వాడుతూ ఆత్మహత్య చేసుకున్న బిడ్డల తల్లిదండ్రుల ఫిర్యాదులను పక్కనపెట్టడానికి సాకు కారాదు. ఇక మన దగ్గర డాక్టరు చీటీ లేకుండానే ఈ మాత్రలు ఇచ్చే మందుల దుకాణాలున్నాయి. గర్భస్థ శిశువుకు తీవ్ర వైకల్యాలు కలిగించగల మందు విషయంలో ఈ అలసత్వం క్షమించరానిది. రోగి వచ్చిన ప్రతిసారీ నిద్ర, దిగులు, ఆత్మహత్య ఆలోచనల గురించి చర్మవైద్యులు సూటిగా అడగాలి. ఏ మార్పు కనిపిస్తే వెంటనే తమ దగ్గరకు రావాలో ఇంట్లోవారికి తెలుగులో రాసివ్వాలి.