తాలీమునకు రెండు అర్థములు

ఉర్దూలో 'తాలీం' అంటే విద్య. దక్కను ప్రాంతంలో కుస్తీ నేర్పే చోటుకు కూడా అదే పేరు. చదువుల బడియైనా, ఎర్రమట్టి గోదా అయినా మన పెద్దలకు రెండూ శిక్షణాలయాలే అనడానికి ఈ ఒక్క మాట చాలును. నేడు మనం మొదటి తాలీమును మాత్రమే మిగుల్చుకొని రెండవదానిని విస్మరిస్తున్నాము.

ఈ సందర్భంలో ఐర్లండు దేశం స్మరణీయం. అది ఆంగ్లేయుల పాలనలో ఉన్న కాలంలో, 1884 నవంబరు 1న, థర్లెస్ అనే పట్టణంలో మైకేల్ కుసాక్ మొదలైన వారు గేలిక్ అథ్లెటిక్ సంఘాన్ని స్థాపించారు. కర్రతో బంతిని కొట్టే హర్లింగ్ వంటి దేశీయ క్రీడలను కాపాడుకొనుటయే వారి సంకల్పం. ఊరూరా సంఘాలు వెలిశాయి. నేటికీ ఆ క్రీడాకారులు జీతం తీసుకోరు. డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో 82,000 మంది ఎదుట ఆడిన యువకుడు మరునాడు తన బడికో, పొలానికో పోతాడు. 2018లో యునెస్కో హర్లింగ్‌ను మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

మనకు మాత్రం ఏమి తక్కువ? మన చెడుగుడు 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా ప్రదర్శింపబడింది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో పతకాల పోటీగా స్థానం పొందింది. 2014 నుండి ప్రో కబడ్డీ పేరిట లక్షల రూపాయల వేలం పాటలు జరుగుతున్నాయి. చూచేవారు పెరిగారు, సంతోషమే. కాని మన వాడలలో ఆడేవారు పెరిగారా? చిర్రగోనె ఆడిన సందులలో నేడు వాహనాలు నిలిచి ఉన్నవి. ధోబీపాట్, కలాజంగ్ వంటి పట్ల పేర్లు ముసలి ఉస్తాదుల నోట మాత్రమే మిగిలి ఉన్నవి.

గతమంతా బంగారమని నా వాదన కాదు. తాలీంఖానా గడప ఆడపిల్లలు దాటలేదు. పల్లెలలో కులభేదం ఆటస్థలం దాకా వచ్చింది. ఆటను నిలుపుకొందాము, ఆ గోడలను కాదు. నిజానికి కబడ్డీయే ఆ గోడలకు సమాధానం: ఎదుటివానిని తాకనిదే ఆట సాగదు, తోటివాని చేయి పట్టుకొంటే పట్టు బలపడుతుంది. అంటరానితనమును పాటించేవాడు ఈ ఆట ఆడజాలడు.

కనుక కళాశాల కమిటీ వారికి నా విన్నపం. పురుషుల కబడ్డీకి పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల నేల చాలు. స్త్రీలకు అంతకన్న తక్కువ. ఖోఖోకు రెండు స్తంభాలు, కొంత సున్నం చాలు. వారానికి రెండు సాయంత్రాలు విద్యార్థులకు, రెండు విద్యార్థినులకు కేటాయించండి. పట్టణంలోని వృద్ధ పహిల్వానులను పిలిచి గౌరవించండి. వారికి తెలిసిన పట్లను విద్యార్థులచేత ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను వ్రాయించండి.

సోదర విద్యార్థులారా! కమిటీ స్థలమీయగలదు, చెమటను ఈయలేదు. అది మనమే తేవలెను.