పొలం పద్దు – ప్లాటు పద్దు

ఊరు బాగుపడిందనడానికి ఇవాళ అందరికీ ఒకటే గుర్తు: పొలాలు పోయి ప్లాట్లు రావడం. "ఎకరం పొలం వల్ల ప్రభుత్వానికి ఒరిగేదేముంది? అదే నాలుగు ఇళ్ళు లేస్తే పన్ను వస్తుంది కదా!" అని చదువుకున్న వాళ్ళు కూడా అంటున్నారు. రైతు ఇంట పుట్టి సైన్సు చదువుతున్నవాణ్ణి గనుక నాకు ఇక్కడే సందేహం. వచ్చేది చెబుతున్నారు సరే, పోయేది ఎవరు లెక్కగడుతున్నారు?

అమెరికాలో ఈ లెక్క కట్టారు. అక్కడ కౌంటీ అంటే రమారమి మన జిల్లా వంటిది. భూమి మీద, ఇళ్ళ మీద వేసే ఆస్తి పన్ను స్థానిక ప్రభుత్వాల ఆదాయంలో పెద్ద భాగం. రోడ్లు, పోలీసు, బడులు చాలావరకు దాని మీదే నడవాలి. 1980లో ఏర్పడిన అమెరికన్ ఫార్మ్‌లాండ్ ట్రస్ట్ అనే సంస్థ, ఏ రకం భూమి నుంచి ఎంత వస్తోంది, దానికి ఎంత ఖర్చవుతోంది అని స్థానిక బడ్జెట్లను విడదీసి చూసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. 150కి పైగా ప్రాంతాల లెక్కల్లో తేలిన మధ్యస్థ విలువలు ఇవీ: ఇళ్ళ నుంచి ఒక డాలరు వస్తే వాటికయ్యే ఖర్చు సుమారు 1.16 డాలర్లు. వ్యాపార, పరిశ్రమల భూములకు 30 సెంట్ల ప్రాంతం. పొలాలకు, ఖాళీ భూములకు 35 సెంట్ల పైచిలుకు.

పొలానికి పన్ను రాయితీ ఉంది కదా అంటారేమో. నిజమే, 1956లో మేరీలాండ్ రాష్ట్రం మొదలుపెట్టిన ఆ రాయితీ తర్వాత అన్ని రాష్ట్రాలకూ పాకింది. అయినా పొలం మిగులే చూపిస్తోంది. కారణం తేలికే. మొక్కజొన్న చేనుకు బడి అక్కర్లేదు, వీధి దీపం అక్కర్లేదు. ఇంటికి అన్నీ కావాలి. అన్నిటిలోకీ బడి ఖర్చే పెద్దది.

అయితే ఇక్కడ జాగ్రత్త పడాలి. ఈ అంకెలు చూపి, పిల్లలున్న చిన్న కుటుంబాలు తమ ఊరికి రాకుండా పెద్ద పెద్ద స్థలాల్లోనే ఇళ్ళు కట్టాలని నిబంధనలు పెట్టుకునే వాళ్ళూ అక్కడ ఉన్నారు. అది అన్యాయం. బడికి వెళ్ళే పిల్లవాడు నష్టం పద్దు కాదు. ఫ్యాక్టరీలో పనిచేసేవాడు ఎక్కడో ఒకచోట కాపురం ఉండాలి కదా! ఇల్లు వద్దని కాదు నేననేది. ఉన్న వీధి పక్కన లేచే ఇల్లు వేరు, ఊరికి దూరంగా చేల మధ్య వేసిన లేఅవుటు వేరు. రెండోదానికి రోడ్డు, పైపు, కాలువ అన్నీ కొత్తగా వేయాలి, ఏటేటా బాగుచేయాలి.

మన దగ్గర టీచర్ల జీతాలు పంచాయతీ ఇవ్వదు గనుక అమెరికా అంకెలు మనకు అతకవు. రైతుకిచ్చే ఉచిత కరెంటు కూడా రాష్ట్ర ఖజానా భారమే, అది వేరే పద్దు. కానీ మంచినీళ్ళు, మురుగు కాలువలు, దీపాలు, పారిశుధ్యం పంచాయతీవే. ప్లాటు అమ్మినప్పుడు రిజిస్ట్రేషన్‌లో వచ్చే వాటా ఒక్కసారి వస్తుంది. ఖర్చు ఏటా వస్తుంది. మా వైపు ప్లాట్లు కొన్నవాళ్ళు చాలామంది ఏళ్ళ తరబడి ఇల్లు కట్టరు. అక్కడ పంటా లేదు, ఇంటి పన్నూ లేదు, రాళ్ళు మాత్రం ఉన్నాయి. మా నాన్న చేను ఏనాడూ పంచాయతీని ఒక బల్బు అడగలేదు.

అందుకే లేఅవుటుకు అనుమతి ఇచ్చేముందు, రాబోయే ఇరవై ఏళ్ళ రాబడి, ఖర్చు ఒక కాగితం మీద రాసి గ్రామసభలో చదవాలని నా అభిప్రాయం. మిత్రులారా, వేసవి సెలవుల్లో మనం ఎవరి ఊళ్ళో వాళ్ళం ఈ లెక్క తీయలేమా? పంచాయతీ బడ్జెట్టు రహస్యమేమీ కాదు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు. లెక్క ప్లాటు వైపే మొగ్గితే సంతోషంగా ఒప్పుకుందాం. కానీ లెక్క చూడకుండా కాంక్రీటు పోసిన నల్లరేగడిని మళ్ళీ పొలం చేయడం మన తరం కాదు.