'మా' అంటే అమ్మ, 'మా' అంటే గుర్రం

చీనాదేశపు మాండరిన్ భాషలో 'మా' అని గొంతు పైస్థాయిలో నిలకడగా పట్టి అంటే అమ్మ. కిందినుంచి పైకి లాగి అంటే నార తీసే ఒక మొక్క. దించి మళ్ళీ లేపితే గుర్రం. పైనుంచి ఒక్క ఊపున దింపితే తిట్టడం! మనకు గది వేరు, గాది వేరు గదా. దీర్ఘం ఒక్కటి తప్పితే మనుషులు పడుకోవలసిన చోట ధాన్యం పోసుకోవలసి వస్తుంది. మనకు దీర్ఘం చేసే పనిని వాళ్ళకు గొంతులోని ఎత్తుపల్లాలు చేస్తాయి. వాటిని స్వరాలందాం.

ఇరవై ఏళ్ళు నిండిన విద్యార్థులు గురులఘువుల దగ్గర నీళ్ళు నమలడం ఏటా చూసేవాణ్ణి నేను. ఇక పాలు తాగే బిడ్డ ఈ స్వరాలను ఎలా పట్టుకుంటుందా అని నాకు ఆశ్చర్యం.

పట్టుకోవడం మొదటి ఏడే మొదలవుతుంది. సియాటిల్ నగరంలో ఇంగ్లీషు ఇళ్ళలోని 9 నెలల పాపల ఎదుట మాండరిన్ మాట్లాడేవారు కూర్చుని, 12 సార్లు కథలు చదివారు, బొమ్మలతో ఆడించారు. ఇంగ్లీషులో లేని ఒక ధ్వనిభేదాన్ని ఆ పాపలు గుర్తుపట్టారు. అదే మనుషులను తెరమీద చూపితేనూ, వాళ్ళ గొంతు మాత్రమే వినిపిస్తేనూ ఏమీ అంటలేదు. 2003లో వెలువడిన పరిశోధన ఇది. బువ్వ తినిపించడానికి సెల్‌ఫోను చేతికిచ్చే తల్లులకు ఈ ముక్క ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును.

చావ్ యువాన్ రెన్ అనే చీనా భాషాశాస్త్రవేత్త 28 నెలల తన మనుమరాలి మాటలనే పరిశీలించి 1951లో ఒక వ్యాసం ప్రకటించాడు. తాతగారి మురిపెం శాస్త్రానికి పనికిరావడమంటే అదీ! ఆ వయసుకు హల్లులింకా ముద్దుముద్దుగానే ఉన్నా, స్వరాలు చాలామటుకు కుదిరాయి. తైవాన్ పిల్లల్ని గమనించిన చార్లెస్ లీ, సాండ్రా థాంప్సన్ 1977లో ఇదే సంగతి చెప్పారు. నిలకడ స్వరం, దిగే స్వరం ముందు వస్తాయి. ఎక్కే స్వరమూ, దిగి ఎక్కే స్వరమూ కొంతకాలం ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి.

అయితే మాట వినబడినంతలో వాక్యం బోధపడదు సుమండీ. మనం 'పిల్లిని కుక్క తరిమింది' అన్నా, 'కుక్క పిల్లిని తరిమింది' అన్నా 'ని' అనే విభక్తి కాపలా కాస్తుంది. మాండరిన్‌లో విభక్తులు లేవు, వరసే ఆధారం. 'పిల్లి, కుక్కచేత తరమబడింది' అనవలసి వస్తే పిల్లి తర్వాత 'బెయ్' అనే చిన్న మాట చేరుస్తారు. మూడు నాలుగేళ్ళవాళ్ళు మొదట వినబడిన పిల్లే తరిమిందనుకుని, 'బెయ్' వచ్చాక ఆ ఊహ మార్చుకోలేక తరచు తడబడతారు.

బడిలో చేరాక మరో చిక్కు. చప్పుడులో ఒక మాట మునిగిపోతే పెద్దవాళ్ళం ముందూ వెనకా చూసి పూరించుకుంటాం. పిల్లలకు అంత మాటల నిల్వ ఎక్కడిది? పక్కన మరొకరు మాట్లాడుతుంటే, పదేళ్ళు దాటినవాళ్ళకు కూడా పెద్దవాళ్ళంత పట్టు చిక్కదు. ఇది చీనా పిల్లలకే కాదు, మన పిల్లలకూ అంతే. వంటింటి మోతలోంచి కేకేసి, పలకలేదని వీపు మీద ఒకటి వేయడం అన్యాయమని నా అభిప్రాయం. చెవిలో నిజంగా లోపముంటే, ఆ సంగతి ఏళ్ళ తరబడి 'మొండితనం' అన్న పేరుకింద దాగిపోతుంది కూడాను. వినికిడి లేని పిల్లలకు శస్త్రచికిత్సతో చెవిలో అమర్చే యంత్రం మాటలను బాగానే అందిస్తుంది గాని, గొంతు ఎత్తుపల్లాలను అంత స్పష్టంగా అందించలేదు. తెలుగు బిడ్డకు అది కొద్ది లోటే. మాండరిన్ బిడ్డకు అమ్మకూ గుర్రానికీ తేడా అక్కడే ఉంది.

స్వరాలన్నీ వచ్చినా తీరని తికమక ఒకటి మిగులుతుంది. 'జాంగ్' అని రెండు ఇంటిపేర్లున్నాయి. ధ్వని ఒక్కటే, స్వరమూ ఒక్కటే, రాత వేరు. అందుకని కొత్తగా పరిచయమైన పెద్దమనుషులు కూడా, 'విల్లు, పొడుగు కలిపి రాసే జాంగా, నిలబడు, పెందలాడే కలిపి రాసే జాంగా?' అని అడుగుతారు. బడికి వెళ్ళి రాత నేర్చిందాకా పిల్లలకు ఆ ప్రశ్నే అర్థం కాదు.