ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషి ఏమయ్యాడు? ఆ లెక్క కావాలి!

ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళం, కోసిగి ప్రాంత ప్రజలకు విజ్ఞప్తి



మన పల్లెల్లో ఇంటికో ఈరన్న, వీధికో ఉరుకుందమ్మ. ఏ కష్టమొచ్చినా ముందు ఉరుకుంద ఈరన్న స్వామికే మొక్కుకుంటాం. ఇంట్లో ఒకరు రాత్రంతా నిద్రపోకుండా తమలో తాము మాట్లాడుకుంటుంటే, అన్నంలో విషం కలిపారని కంచం తోసేస్తుంటే, గాలి సోకిందనుకుంటాం. అంత్రం కట్టిస్తాం. గుడికి తీసుకుపోతాం. అక్కడా కుదరకపోతే అప్పు చేసి కర్నూలుకో, బళ్ళారికో, బెంగళూరుకో పోతాం. కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉంచితే మనిషి తేరుకుని ఇల్లు చేరతాడు. అసలు కష్టం ఆ తర్వాతే.

తెచ్చిన మాత్రలు నెలకు అయిపోతాయి. మళ్లీ తేవాలంటే కూలి పోతుంది, ఇద్దరికి బస్సు ఛార్జీలు కావాలి. ఈలోగా పత్తి తీతలు అయిపోతాయి, ఒంట్లో సత్తువున్నవాళ్లంతా మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోతారు. మాత్రల చీటీ అక్షరం రాని అవ్వ చేతిలో మిగులుతుంది. "బాగానే ఉన్నాడు కదా, ఇంకా మందులెందుకు" అంటారు ఇరుగుపొరుగు. కొన్ని నెలలకు జబ్బు తిరగబెడుతుంది. మళ్లీ అప్పు, మళ్లీ ఆసుపత్రి. పోయే స్తోమత లేని ఇళ్లలో మనిషిని పశువుల కొట్టంలో కట్టేస్తారు.

తప్పు ఆ అవ్వది కాదు. ఇలాంటి లక్షణాలుండే తీవ్ర మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా. ఆ రోగులపై జరిగిన 65 పరిశోధనల ఫలితాలను కలిపి 2012లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. ఏడాది లోపల, మందు వాడినవారిలో నూటికి 27 మందికి జబ్బు తిరగబెడితే, మందు ఆపినవారిలో 64 మందికి తిరగబెట్టింది. ఆసుపత్రిలో ఎంత బాగా చూసినా, ఇంటి దగ్గర మందు అందకపోతే ఆ శ్రమంతా వృథా. అయినా ఎంతమందిని చేర్చుకున్నారో, ఎంతమందిని పంపించారో రాసే రిజిస్టర్లే మనకు కనిపిస్తాయి. పంపిన మనిషి ఆరు నెలలకు పొలం పనికి పోతున్నాడా, గొలుసుతో ఉన్నాడా అని ఎవరు రాస్తున్నారు? 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే కూడా 12 రాష్ట్రాలే తిరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు.

గుడికి పోవద్దని మేం చెప్పం. తమిళనాడులో ముత్తుస్వామి గుడి దగ్గర ఉండిపోయిన 31 మంది రోగులను డాక్టర్ రఘురాం బృందం పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది. సగటున ఆరు వారాలున్నారు. మందుల్లేకుండానే వారి లక్షణాలు దాదాపు ఐదోవంతు తగ్గాయి. గుడిలో చిన్న చిన్న పనులు చేసుకుంటూ, పక్కన సొంత మనిషి తోడుగా, కసురుకునేవాళ్లు లేకుండా బతకడమే ఆ మేలుకు కారణమని వాళ్లు భావించారు. అదే తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టు 6న రోగులను ఉంచిన పాక మంటల్లో చిక్కుకుంది. గొలుసులతో కట్టేసిన పాతిక మందికి పైగా రోగులు కదల్లేక కాలిపోయారు. రెండూ భక్తి ఉన్న చోట్లే. ఒకచోట ఆదరణ ఉంది, రెండోచోట గొలుసు ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసును పూర్తిగా నిషేధించింది.

దారి కొత్తగా వెతకనక్కరలేదు. 1953 అక్టోబరు 1 దాకా మన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆ బళ్ళారి జిల్లాలోనే 1985లో నిమ్హాన్స్ ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మానసిక జబ్బుల మందులు పల్లెకు తెచ్చింది. దాన్ని చూసే 1996లో దేశమంతటికీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం రూపొందింది. మన పక్కింట్లో పుట్టిన పద్ధతి మన గడపకు మాత్రం సరిగా చేరలేదు. గోవా, మహారాష్ట్ర, తమిళనాడుల్లో 282 మంది స్కిజోఫ్రీనియా రోగులతో జరిపిన అధ్యయనం 2014లో వచ్చింది. డాక్టరు వైద్యానికి తోడు, శిక్షణ పొందిన స్థానిక కార్యకర్త ఇంటికొచ్చి చూసుకుంటే, ఆసుపత్రి వైద్యం ఒక్కటే అందినవారికన్నా మెరుగ్గా ఉన్నారని తేలింది. తేడా బ్రహ్మాండమైనదేమీ కాదు. మన అవ్వలకు ఆ కాస్త తేడానే బతుకు.

అందుకే అడుగుతున్నాం. ఆసుపత్రి నుంచి, పునరావాస కేంద్రం నుంచి ఇంటికొచ్చే ప్రతి మనిషి వివరం అతని సమ్మతితో గుట్టుగా ఊరి పీహెచ్‌సీకి చేరాలి. ఆశా కార్యకర్త నెలనెలా కలిసి మందు అందుతోందా, పనికి పోతున్నాడా అని రాయాలి. ఏడాది తర్వాత ఎందరు బాగున్నారో, ఎందరు మళ్లీ చేరారో పేర్లు లేకుండా జిల్లా యంత్రాంగం ప్రకటించాలి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికో రోజు మానసిక వైద్యుడు కచ్చితంగా ఉండాలి. రోజూ మాత్రలు మింగలేనివారికి నెలకోసారి వేసే సూది అక్కడే దొరకాలి. వలసపోయే కుటుంబానికి మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలి.

శ్రావణమాసంలో ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల నుంచి జనం ఉరుకుందకు వస్తారు. ఆ నెలంతా గుడి దగ్గరే ఒక మానసిక వైద్య శిబిరం నడపాలని దేవాదాయ, ఆరోగ్య శాఖలను కోరుతున్నాం. మొక్కు తీర్చుకున్నవారు పక్కనే డాక్టరుతో మాట్లాడి పోతారు. గుజరాత్‌లోని ఉనావా దర్గా దగ్గర దువా (ప్రార్థన)తో పాటు దవా (మందు) కూడా ఇచ్చే కేంద్రం ఇలాగే నడిచింది.

ఈ కోరికలను మీ గ్రామసభలో తీర్మానంగా పెట్టించండి. మీ సర్పంచి చేత, ఆశా కార్యకర్త చేత సంతకం చేయించి కలెక్టరుకు పంపండి. మీ ఇంట్లో ఎవరికైనా సాయం కావాలంటే ఈరోజే మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.