ఎన్నాళ్లీ ఆట?

పుదుచ్చేరిలో ఫ్రెంచి పాలన 1954లోనే ముగిసినా ఫ్రాన్స్‌తో చుట్టరికం తెగలేదు. ఫ్రెంచి పౌరసత్వం ఉన్నవారు ఇక్కడ ఇప్పటికీ వేలల్లో ఉన్నారు. సెలవులకు పారిస్ నుంచి వచ్చే బాబాయి సూట్‌కేసు కోసం పిల్లలు ఎదురుచూడటం ఈ ఊళ్లో కొత్త కాదు. ఒకప్పుడు అందులో సెంటు సీసాలు, చాక్లెట్లు ఉండేవి. 2025 జూన్ 5న నింటెండో సంస్థ ‘స్విచ్ 2’ను విడుదల చేశాక కోరికల చిట్టాలో అదీ చేరింది.

నాలుగు రోజుల్లో ప్రపంచమంతటా 35 లక్షలు అమ్ముడైన ఈ చేతి ఆటయంత్రం విడుదల ధర అమెరికాలో 450 డాలర్లు, ఐరోపాలో 470 యూరోలు. మన లెక్కలో 40 వేల రూపాయలకు అటూ ఇటూ. మధ్యతరగతి ఇంట్లో అది ఫ్రిజ్‌తో సమానం. ఫ్రిజ్ కొనేముందు అడిగే ప్రశ్నే దీనికీ వర్తిస్తుంది: ఎన్నాళ్లు వస్తుంది?

భయం ఊరికే పుట్టింది కాదు. 2017లో వచ్చిన తొలి స్విచ్‌కు ఒక జబ్బు ఉండేది. ఎవరూ ముట్టుకోకపోయినా తెరమీది బొమ్మ దానంతటదే ఓ పక్కకు నడిచిపోయేది. దాని పేరు ‘డ్రిఫ్ట్’. బొటనవేలితో తిప్పే జాయ్‌స్టిక్ కింద సన్నని పట్టీ మీద ఒక లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. రాసుకున్నకొద్దీ పట్టీ అరుగుతుంది, ఆ పొడి అక్కడే పేరుకుంటుంది. బ్రిటన్ వినియోగదారుల సంస్థ ‘విచ్’ 2022లో పాడైన జాయ్‌స్టిక్‌లను విప్పించి చూస్తే కనిపించింది ఇదే. కంపెనీ అధ్యక్షుడు షుంటారో ఫురుకావా 2020లోనే క్షమాపణ చెప్పుకున్నారు. రాపిడి లేకుండా అయస్కాంతాలతో పనిచేసే జాయ్‌స్టిక్‌లు మార్కెట్లో ఉన్నా స్విచ్ 2లో నింటెండో వాటిని వాడలేదు. యంత్రాలను విప్పి మార్కులు వేసే ‘ఐఫిక్సిట్’ మరమ్మతు సౌలభ్యంలో దీనికి ఇచ్చింది పదికి మూడు.

పుదుచ్చేరిలో దీనికి ఉప్పుగాలి తోడు. బీచ్ రోడ్డు దగ్గర కాపురమున్నవారికి కిటికీ ఊచలు, ఏసీ కాయిళ్లు ఎంత త్వరగా తుప్పుపడతాయో వేరే చెప్పనక్కర్లేదు. లోపలి వేడి తగ్గించుకోవడానికి ఫ్యానుతో బయటి గాలిని లాక్కునే యంత్రం ఆ తేమను, ఉప్పును కూడా లాక్కుంటుంది.

అయితే అసలు చిక్కు గాలిలో లేదు, బిల్లులో ఉంది. డ్రిఫ్ట్ మీద ఫ్రాన్స్‌లో యూఎఫ్‌సీ-క షువాజీర్ అనే వినియోగదారుల సంఘం 2020లో ఫిర్యాదు చేసింది. వస్తువు ఆయుష్షును కావాలని తగ్గించడం ఆ దేశంలో 2015 నుంచి నేరం. మరుసటి ఏడాది ఐరోపా సంఘాలన్నీ కలిసి దాదాపు 25 వేల ఫిర్యాదులతో యూరోపియన్ కమిషన్ తలుపు తట్టాయి. ఫలితంగా 2023లో, వారంటీ ముగిసినా ఆ జాయ్‌స్టిక్‌లను ఉచితంగా బాగుచేసి ఇస్తామని నింటెండో అంగీకరించింది. కానీ ఐరోపా వినియోగదారులకే. పైగా ఆ హామీ పాత యంత్రానికి ఇచ్చింది. కొత్తదానికైనా ఐరోపా చట్టం ప్రకారం అమ్మిన దుకాణానికి రెండేళ్ల బాధ్యత ఉంటుంది.

స్విచ్ 2 విడుదలైన దేశాల జాబితాలో భారత్ లేనే లేదు. ఇక్కడ దొరికేది దొడ్డిదారి సరుకు. దానికి అమ్మినవాడు నోటిమాటగా ఇచ్చే ‘షాపు వారంటీ’యే దిక్కు. అంటే పారిస్ దుకాణంలో కొన్న యంత్రం పారిస్‌లో చెడితే దుకాణదారుడి తలనొప్పి. అదే యంత్రం పుదుచ్చేరిలో చెడితే కొన్నవాడి ఖర్మ. నెహ్రూ వీధి పరిసరాల్లోని ఫోన్ మెకానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇస్తే కొన్ని వారాలు గడుస్తాయి. అధికారికంగా విడిభాగం తెప్పించే దారి అతనికీ లేదు. ఆసుస్ సంస్థ 2023 జూలైలో ఆర్‌ఓజీ ఎలైని రూ. 69,990కి భారత్‌లోనే విడుదల చేసింది. అదీ సుద్దపూస కాదు. వేడికి మెమరీ కార్డు స్లాటు మొరాయించవచ్చని అదే ఏడాది కంపెనీయే ఒప్పుకుంది. కాకపోతే బిల్లు పట్టుకుని వెళ్లి నిలదీయడానికి ఒక చిరునామా ఉంది.

మరమ్మతు హక్కు మాట ఢిల్లీలో 2022 నుంచి వినిపిస్తోంది. ఏ వస్తువు ఎంత సులువుగా బాగుపడుతుందో మార్కులు వేసే సూచీపై నిపుణుల కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. తొలి విడతలో స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లే. 2021లో ఇలాంటి సూచీ తెచ్చిన ఫ్రాన్స్ కూడా లాన్‌మూవర్లకు మార్కులు వేసింది గానీ ఆటయంత్రాలను వదిలేసింది. ఆటబొమ్మ పాడైతే పిల్లలు చదువుకుంటారని పాలకులు అనుకున్నారేమో.

1989 నాటి గేమ్‌బాయ్ సంగతి వేరు. గల్ఫ్ యుద్ధంలో కాలిపోయి పెంకు కరిగిన ఒక గేమ్‌బాయ్ న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో ఏళ్ల తరబడి టెట్రిస్ ఆడుతూనే ఉండేది. అందులో అరిగే జాయ్‌స్టిక్ లేదు, గాలి లాగే ఫ్యాను లేదు. నాలుగు పెన్సిల్ సెల్స్ ఉండేవి, అవి ఏ కిరాణా కొట్లోనైనా దొరికేవి.

స్విచ్ 2 బ్యాటరీని జిగురుతో గట్టిగా అతికించారు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నిబంధన ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే ఇలాంటి పరికరాల బ్యాటరీని వినియోగదారుడే తీసి మార్చుకోగలగాలి. ఇంకా కొననివారు ఆ తేదీ తర్వాత తయారయ్యే యంత్రం కోసం ఆగవచ్చు. ఇప్పటికే కొన్నవారు బిల్లు దాచుకోవాలి, బీచ్‌కు దాన్ని వెంట తీసుకెళ్లకూడదు. తెర మీద పలుచని ప్లాస్టిక్ పొర కనిపిస్తే పీకకూడదు కూడా. అది అద్దం పగిలితే ముక్కలు చెదరకుండా కంపెనీయే అంటించింది.